మీసాల కొట్టు వియ్యపురాలి పాలైన వైనం

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ కిటికీ రెక్క వేసేయండి. బస్సుల మోతలో నా మాట మీకు సగమే చేరుతుంది, సగం కథ విన్నవాళ్ళే బయటికెళ్ళి రెండింతలు చెబుతారు. ఇది అసలే మీసాల సంగతి. ఒక్క వెంట్రుక అటూ ఇటూ అయినా నాకు నిద్ర పట్టదు.

మాది మీసాల కొట్టు. నవ్వండి, ఫరవాలేదు, నవ్వనివాళ్ళని నేను నమ్మను. మీసాలు, గడ్డాలు, బుగ్గమీసాలు, అవసరమైతే కనుబొమలు కూడా కడతాం. ముఖ్యంగా నాటకాలవాళ్ళు కొంటారు. అప్పుడప్పుడు మామూలు మనుషులూ వస్తారు. ఒక పెద్ద ఆఫీసరుగారు స్నేహితులతో పందెం ఓడి మీసం తీయించుకున్నారు. పుట్టింటికెళ్ళిన భార్య సాయంత్రం బండికి దిగుతోందని గుర్తొచ్చి, చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని మా కొట్టుకు పరిగెత్తుకొచ్చారు. సొంత మీసం మొలిచేదాకా నెలన్నర మా మీసంతోనే కాపురం చేశారు. ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

కొట్టంటే పెద్దదేమీ కాదు. వీధివైపు ఒక గది, కిటికీ కింద పొడవాటి బల్ల, గోడకు రెండు వరసల్లో కొయ్యతలలు. ఆ తలలు మా ఆయన చెక్కినవే. ఎవరిమీద కోపమొస్తే వాళ్ళ ముక్కు ఒక తలకు పెట్టేవారు. అందుకని మా చుట్టాల్లో చాలామంది ముక్కులు ఇప్పటికీ మా గోడమీద ఉన్నాయి. ఆయన పోయి పదకొండేళ్ళు.

పని చూడటానికి సులువే. దోమతెరకంటే సన్నని వలగుడ్డను పైపెదవి ఆకారంలో కత్తిరించుకోవాలి. చిన్న కొక్కెం సూదిని వల కన్నంలోంచి దూర్చి, ఒక్కొక్క వెంట్రుకను లాగి, ముడేసి బిగించాలి. గుమాస్తా మీసానికి తొమ్మిది వందల ముళ్ళు. రాజుగారి మీసానికి రెండు వేలు. కానీ కిటుకు ముడిలో లేదు. వెంట్రుకకు మొదలు, కొస ఉంటాయి. కోసిన జుట్టు కట్టలో ఏది మొదలో ఏది కొసో కంటికి తెలియదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే వెంట్రుక తనంతట తానే పాకుతుంది, ఎప్పుడూ మొదలువైపుకే పాకుతుంది. మొదళ్ళన్నీ ముడి దగ్గరుండాలి, కొసలన్నీ బయటికుండాలి. ఒకటి తిరగబడిందా, పక్కదాన్ని పట్టుకుంటుంది. పది తిరగబడ్డాయా, ఇక అది మీసం కాదు, కాకిగూడు.

మా అత్తగారి నియమం ఒకటుంది. మీసం కట్టినవాళ్ళే దాన్ని ముందు పెట్టుకోవాలి. పెట్టుకుని వేడి టీ తాగాలి, తుమ్మాలి, కడుపారా నవ్వాలి. మా వీధివాళ్ళకి మేం తెలుసు కాబట్టి, రెండు వీధులు దాటి వెళ్ళి ఏదో ఒక వస్తువు కొనుక్కురావాలి. ఆ కొట్టువాడు రెండోసారి తేరిపార చూశాడంటే మీసం విప్పి మళ్ళీ కట్టాలి. నేను కాపురానికొచ్చిన నెలలోనే నాకు మీసం వచ్చింది. మొదటిరోజు సబ్బు కొనడానికి వెళ్తే, కొట్టువాడు నన్ను చూసి, "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా, గొంతు అలా పీలగా ఉంది" అన్నాడు. అత్తగారు మూడురోజులు ముద్ద మింగుతూ కూడా నవ్వారు.

ఇక అసలు సంగతికొస్తాను. నాకు డెబ్భై నిండిన ఏడు వల కన్నాలు కలిసిపోవడం మొదలుపెట్టాయి. మొదట దీపం మార్చాను. తర్వాత కళ్ళజోడు మార్చాను. ఆ తర్వాత కళ్ళ డాక్టరును మార్చాను. ఇద్దరు డాక్టర్లూ కూడబలుక్కున్నట్టు ఒకటే చెప్పారు. సన్నపని చేసే చూపు మహా అయితే ఏడాదిన్నర ఉంటుంది, ఆ పైన మనుషులు కనిపిస్తారు గానీ వాళ్ళ వెంట్రుకలు కనిపించవు.

మీసం నుంచి గడ్డం దాకా పనంతా నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. అంటే నేను ఒక్కరికే నేర్పగలను. తప్పుడు మనిషిని ఎంచుకున్నానా, మరొకరికి నేర్పే వ్యవధి ఉండదు, అత్తగారి చేతి నుంచి నా చేతికొచ్చిన పని నా చేతిలోనే అయిపోతుంది. ఈ కళ్ళ సంగతి మా అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు, దానిచేత కూడా ఒట్టు వేయించుకున్నాను. లోకానికి మాత్రం నడుం నొప్పి అని చెప్పాను.

మా అమ్మాయి పళ్ళ డాక్టరు. ముందు దాన్నే అడిగాను.

"అమ్మా, పొద్దున్నుంచి మనుషుల నోళ్ళలోనే ఉంటాను" అంది. "సాయంత్రం కూడా పైపెదవే చూడమంటే నాకు మతిపోతుంది. నువ్వు బయటివాళ్ళని చూడు."

ఇది మా అల్లుడి చెవిన పడింది. ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు, మనిషి బంగారం. "అత్తయ్యా, నేను లేనా, వంతెన కట్టినవాణ్ణి మీసం కట్టలేనా" అన్నాడు. అల్లుడు నోరు తెరిచి అడిగాక కాదంటే బాగుండదు కదా. వల ఇచ్చాను, సూది ఇచ్చాను, మొదలు కొస విడమరిచి చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపి ఇంటికి తీసుకెళ్ళి, రెండు నెలల ఆదివారాలన్నీ కూర్చుని ఒక మీసం కట్టుకొచ్చాడు.

పరీక్షరోజు నాటకాల మేనేజరు కూడా ఉన్నాడు. ఆయన మాకు పాత ఖాతాదారు, గొంతు పెద్దది, ఓపిక చిన్నది. అల్లుడు మీసం పెట్టుకున్నాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. టీ తాగాడు. ఆవిరి తగిలేసరికి ఆ మీసం కదిలింది. నేను కళ్ళు నులుముకున్నాను, నా చూపు తప్పేమోనని. కాదు, నిజంగానే కదులుతోంది. వెంట్రుకలు ఒకదాన్నొకటి కౌగిలించుకుని రెండు చివర్లూ ముక్కు కిందికి ముడుచుకొచ్చాయి, వాటితోపాటు పెదవి పైకి లేచింది. అల్లుడి ముందుపళ్ళు నాలుగూ కుందేలు పళ్ళలా బయటికొచ్చాయి.

"అత్తయ్యా, ఏదో లాగుతోంది" అన్నాడు.

"బాబూ, మొదళ్ళన్నీ ఒకవైపే పెట్టావా?"

"లేదత్తయ్యా. వెంట్రుక మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కదా. అన్నీ ఒకవైపే పెడితే బరువు ఒకవైపే పడుతుంది. అందుకని ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టాను. బరువు సమానంగా సర్దుకుంటుందని."

అంటూ తుమ్మాడు. మీసం ఎగిరి నేరుగా మేనేజరు టీ కప్పులో పడింది. ఆయన కప్పు వైపు చాలాసేపు చూశాడు. పెద్దమనిషి కాబట్టి చెంచాతో తీసి సాసరులో పెట్టాడు.

"అమ్మగారూ, నా మాట వినండి" అన్నాడు. "ఏడుగురు అన్నదమ్ముల నాటకం వేస్తున్నాం. ఏడు మీసాలు కావాలి, రెండు నెలల గడువిస్తున్నా. ఇవి మీరే కడతారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత నాటకానికి ఎవరు కడతారో కూడా అప్పటికి చెప్పాలి. లేదంటే నేను నైలానుకు పోతా. డజను చొప్పున అట్టపెట్టెల్లో దొరుకుతున్నాయి."

"నైలాను మీసంతో నవ్వితే చీపురు నవ్వినట్టుంటుంది."

"నాకు తెలుసమ్మగారూ. కానీ చీపురు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది."

తర్వాత మా మూలమీద సెలూను అమ్మాయి వచ్చింది. ముద్దొచ్చే పిల్ల, చేతులు చిలకముక్కుల్లా చురుగ్గా ఆడతాయి. మూడువారాల్లో ముడి పట్టేసింది. నేను లోలోపల మురిసిపోయాను. అయితే చేతికి కత్తెర అలవాటు కదా. కట్టిన మీసం చూసుకుని, "అమ్మమ్మా, ఎడమవైపు కాస్త పొడుగ్గా ఉంది" అని చివర కత్తిరించింది. అప్పుడు కుడివైపు పొడుగనిపించింది. అదీ కత్తిరించింది. మళ్ళీ ఎడమ. రెండు పిల్లులకు కోతి రొట్టె పంచినట్టు అటొక ముక్క ఇటొక ముక్క తీసుకుంటూ పోయింది. నేను జుట్టు కడగడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి మీసం పోయి, ముక్కు కింద ఈగ వాలినంత మిగిలింది.

"ఇప్పుడు సమానంగా ఉంది కదా అమ్మమ్మా" అంది.

సమానంగానే ఉంది. పసిపిల్లకు కనుబొమగా పనికొస్తుందని దాచిపెట్టాను.

గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకాయన వచ్చాడు గానీ, మా ఇద్దరి కళ్ళూ కలిపినా ఒక కన్ను కాదు. ఇద్దరం కలిసి ఒక మధ్యాహ్నమంతా కిందపడిన సూది వెతికి, టీ తాగి విడిపోయాం.

ఇప్పుడు మా వియ్యపురాలు వస్తుంది, సర్దుకుని కూర్చోండి.

మా అల్లుడి తల్లి ఆవిడ. నేను ఆవిణ్ణి వదినగారూ అంటాను, ఆవిడ నన్ను వదినగారూ అంటుంది. ఆ 'గారు' అనేటప్పుడు ఇద్దరమూ పళ్ళు కొరుకుతాం. ఇరవై రెండేళ్ళ కిందట, పిల్లల పెళ్ళిలో ఆవిడ మంచినీళ్ళ గ్లాసులో ఒక వెంట్రుక వచ్చింది. మా కొట్టు సంగతి తెలిసిన ఏ మనిషైనా అది పక్కన తీసేసి తాగుతుంది. ఈవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పందిట్లో అందరికీ చూపించింది. అప్పట్నుంచి నేను వాళ్ళ చుట్టాలందరికీ వెంట్రుకల వదిన. ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటే, తప్పు పట్టడం. మా ఇంటి గుమ్మంలో అడుగుపెట్టకముందే గోడకున్న పటం ఒకవైపు వాలిందని చెబుతుంది. వాలే ఉంటుంది, అదే కడుపు మంట.

ఏడు మీసాల్లో రెండు పూర్తయి, మూడోది బల్లమీదున్నప్పుడు ఒక మధ్యాహ్నం వచ్చింది.

"ఏం వదినగారూ, నడుం నొప్పట గదా. నడుం నొప్పికి వీపు కింద దిండు పెట్టుకుంటారు గానీ వారసుల్ని వెతుక్కుంటారా ఎవరైనా?"

"రండి వదినగారూ. మీ దిండు సలహా కోసమే తలుపు తీసి కూర్చున్నా."

"మా అబ్బాయి కట్టిన మీసం టీలో ఈదిందట."

"బాగా ఈదింది. వాళ్ళమ్మ పోలిక, మునగలేదు."

ఆవిడ మూతి తిప్పుకుని, బల్లమీదున్న పూర్తయిన మీసం ఒకటి తీసుకుంది. నేను వద్దనేలోపే చూపుడువేలితో ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు నిమిరింది. మధ్యలో ఆగింది. మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఇక్కడ మూడు వెంట్రుకలు తిరగబడి ఉన్నాయి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వదినగారూ, యాభై ఏళ్ళుగా కడుతున్నా. మీకు మొదలంటే ఏమిటో కొసంటే ఏమిటో తెలుసా?"

"నాకు మొదలూ తెలియదు, కొసా తెలియదు. మిగతావి వేలికింద పడుకుంటున్నాయి, ఈ మూడూ ఎదురు తిరుగుతున్నాయి. ఎదురు తిరిగేవాళ్ళు నాకు వేలితో తెలుస్తారు. ఇరవై రెండేళ్ళుగా మీతో వియ్యమందుతున్నాను."

ఆవిడ వెళ్ళాక భూతద్దం పెట్టి అరగంట వెతికాను. మూడు ఉన్నాయి. సరిగ్గా మూడు. నా చేత్తో నేను కట్టినవే. ఆ సాయంత్రం నేను టీ కూడా పెట్టుకోలేదు.

మర్నాడు ఆవిడ గొడుగు మరిచిపోయానని మళ్ళీ వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది. నేను దాని గురించి మాట్లాడలేదు.

"తప్పులు పట్టడం ఎంతసేపు" అన్నాను. "చేతనైతే ఒకటి కట్టి చూపించండి."

"సూది ఇలా ఇవ్వండి" అంది.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఇంట్లో వాళ్ళాయన టీవీ చూస్తూ గురక పెడతాడని, ఆ రెండు చప్పుళ్ళూ ఒకేసారి భరించలేనని సాకు చెప్పేది. నేను ఒక చివర, ఆవిడ ఒక చివర. పని నేర్పుతున్నానని నేను అనలేదు, నేర్చుకుంటున్నానని ఆవిడ అనలేదు. "ఆ ముడి అలా వేస్తే మీసం కాదు, చేపలవల అవుతుంది" అని నేను గాల్లోకి అనేదాన్ని. "ఇంత చీకటిగా ఉంటే ఎవరికైనా అలాగే పడుతుంది" అని ఆవిడ గోడకు చెప్పేది. ఒకరోజు వెంట్రుక నలుపుతూ ఉన్నట్టుండి, "ఆ రోజు గ్లాసులోది ఎర్రజీర ఉన్న గోధుమరంగు, జానెడుకు రెండువేళ్ళు తక్కువ" అంది. ఇరవై రెండేళ్ళ నాటి ఒక్క వెంట్రుక. నాకు తిట్టాలనిపించింది, దండం పెట్టాలనిపించింది, రెండూ మానేసి ఆవిడ ముందున్న కట్ట తీసి, ఇంకా మేలైన జుట్టు పెట్టాను.

పదకొండు రోజులకు మీసం పూర్తయింది. నెరిసిన, కొంచెం కిందికి వాలిన పెద్దమనిషి మీసం. ఆవిడే జిగురు రాసుకుని పెట్టుకుంది. జుట్టు టోపీలోకి తోసింది. కొట్టులో ఒక మూల వేలాడుతున్న మా ఆయన పాత కోటు వేసుకుంది. అద్దంలో చూసుకుని, "మా నాన్న" అని ఊరుకుంది.

టీ తాగింది, చెక్కుచెదరలేదు. మిరియాల పొడి వాసన చూపిస్తే ఏడుసార్లు తుమ్మింది, చెక్కుచెదరలేదు. రెండు వీధులు దాటి బల్బు కొనడానికి బయల్దేరింది. నేను ఆగలేక పదడుగుల దూరంలో వెనకే వెళ్ళాను. బల్బుల కొట్టువాడు ఆవిణ్ణి చూసి, "కూర్చోండి పెద్దాయనా" అని స్టూలు వేశాడు. ఆవిడ బల్బు వెలిగించి చూపించమంది, వెలిగించాడు. ఇంకోటి చూపించమంది. నాలుగో బల్బు దగ్గర వాడు చేతులు జోడించి, "మీరు రిటైరైన జడ్జిగారా" అన్నాడు. వెనక్కొచ్చేటప్పుడు మంగలి గుమ్మంలోంచి, "సార్, చివర్లు కాస్త సరిచేయమంటారా" అని పిలిచాడు. ఆవిడ కర్ర లేకుండానే కర్ర పట్టుకున్నట్టు నడిచి కొట్టుకొచ్చేసింది. నేను చీర చెంగు నోట్లో కుక్కుకుని వచ్చాను.

ఇక మిగిలింది నవ్వు. ఈవిణ్ణి ఎలా నవ్వించడం? నేను ఆలోచిస్తుండగానే వాళ్ళాయన వచ్చారు. నేను అన్నయ్యగారూ అంటాను. నెమ్మదైన మనిషి. భార్యను వెతుక్కుంటూ వచ్చి, బెంచీమీద కూర్చున్న ముసలాయన్ని చూసి, పక్కన కూర్చున్నారు.

"మా ఆవిడ లోపలుందా చెల్లెమ్మా?"

"ఇప్పుడే బయటికెళ్ళారు అన్నయ్యగారూ. వచ్చేస్తారు." నేను గోడవైపు తిరిగి కొయ్యతలలకు దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

అన్నయ్యగారు పక్కాయనతో, "మీకూ మీసాల పనేనా" అన్నారు.

"ఊఁ."

"పెళ్ళయిందా మీకు?"

"ఊఁ."

"నాకూ అయింది. మా ఆవిడ పదకొండు రోజులుగా మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం లేదండీ. మొదటిరోజు హాయిగా అనిపించింది. మనలో మనమాట, పండుగలా ఉంది. రెండోరోజు టీవీ శబ్దం ఎంత పెంచినా ఎవరూ ఏమీ అనలేదు. మూడోరోజు నేనే తగ్గించాను. తిట్టే మనిషి లేకపోతే ఏది తప్పో ఏది ఒప్పో తెలియదండీ. చెప్పులు ఎడమా కుడీ మారిపోతున్నాయి. నిన్న టీలో ఉప్పు వేసుకుని, ఎవరూ చెప్పలేదు కదా అని తాగేశాను."

అంతలో పక్కాయన చెయ్యి మెల్లగా లేచి, అన్నయ్యగారి చొక్కా మీదికి వెళ్ళింది. పైబొత్తాం కిందికాజాలో ఉంది, అక్కడ్నుంచి కిందిదాకా అన్నీ ఒకటి తప్పాయి. ఆ చెయ్యి ఒక్కొక్కటీ విప్పి, ఒక్కొక్కటీ సరిగ్గా పెట్టడం మొదలుపెట్టింది.

అన్నయ్యగారు కదలలేదు. మూడో బొత్తాం దగ్గర ఆ వేళ్ళు చూశారు. తలెత్తి టోపీ చూశారు. మీసం చూశారు.

"నువ్వా" అన్నారు.

"నేనే. ఈ చొక్కా వేసుకుని వీధిలోంచే వచ్చారా?"

ఆయన కాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా, "నీకు మీసం నప్పింది. చిన్నప్పట్నుంచే పెంచాల్సింది" అన్నారు.

అప్పుడు నవ్వింది మా వదిన. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పళ్ళన్నీ నేను చూడటం అదే మొదటిసారి. ముందు భుజాలు ఊగాయి, తర్వాత బెంచీ ఊగింది, అన్నయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నేను దుమ్ముగుడ్డతో ముఖం తుడుచుకుని మసిబారాను. మీసంలో మాత్రం ఒక్క వెంట్రుక కదల్లేదు.

మర్నాడు ఆవిడ రాలేదు. మీసం అయిపోయింది కదా, ఇక రావడానికి సాకు లేదు. రెండోరోజూ రాలేదు. నేను నాలుగో మీసం ముందు కూర్చున్నాను. వల కన్నం నాకు పొగలా కనిపిస్తోంది. సూది గుచ్చితే నా వేలికే గుచ్చుకుంటోంది. గడువు ఇంకా మూడువారాలు. మూడోరోజు చెప్పులేసుకుని వాళ్ళింటికి బయల్దేరాను. పిలవకుండా ఆ గడప తొక్కడం నాకదే మొదటిసారి.

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఏం వదినగారూ, దారి తప్పారా?"

"తప్పలేదు. చూసుకుంటూ వచ్చాను, అందుకే ఆలస్యమైంది."

అన్నయ్యగారు నన్ను చూసి, ఆవిణ్ణి చూసి, పెరట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయారు. కుర్చీలో కూర్చున్నాను. ఎండ గురించి మాట్లాడాను. నీళ్ళపంపు గురించి మాట్లాడాను. ఆవిడ దుప్పటి మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"మీరొచ్చింది పంపు గురించి కాదు" అంది.

"కాదు. ఎందుకొచ్చానో మీకు తెలుసుగా."

"తెలుసు. కానీ మీరింకా అడగలేదుగా."

కుర్చీ అంచుకు జరిగాను. "వదినగారూ, అది నడుం నొప్పి కాదు. నాకు చూపు పోతోంది. ఆ మూడు వెంట్రుకలు మీ వేలికి దొరికాయి గానీ నా కళ్ళకు దొరకలేదు. కొట్టు మీరు తీసుకోండి. నాకు తెలిసిందంతా నేర్పుతాను. మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను."

ఆవిడ చేతిలో దుప్పటి జారిపోయింది. కోపం వచ్చింది ఆవిడకు. నిజంగా కోపం.

"ఇరవై రెండేళ్ళుగా మీ మీద ఇన్ని తప్పులు పట్టాను" అంది. "పటం వాలితే చెప్పాను, దారం పోగు లేస్తే చెప్పాను. ఈ ఒక్కటీ నా కంటపడకుండా ఎలా తప్పించుకుంది? ఎన్నాళ్ళుగా?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు" అని కూర్చుండిపోయింది. ముక్కు తుడుచుకుని, "నాకు అరవై నాలుగు. మా అమ్మ తొంభై ఆరో ఏటిదాకా నన్ను తిట్టింది. వారసురాలు ముసలిదని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి" అంది.

"చెబుతాను."

"పొద్దున పదింటికి ముందు రాను. కిటికీ పక్క కుర్చీ నాది. గడ్డం నేర్పడం పూర్తయ్యేదాకా మీరు గుడ్డివారు కావడానికి వీల్లేదు."

"ప్రయత్నిస్తాను వదినగారూ."

"ప్రయత్నించడం కాదు, ముందు ఆ చెప్పులు సరిగ్గా వేసుకోండి. ఒకటి మీది కాదు, మీ అమ్మాయిది."

ఏడు మీసాలూ గడువుకు ఒకరోజు ముందే పూర్తయ్యాయి. వెంట్రుకలు నేను వేళ్ళతో నలిపి మొదలు చూసి అందించాను, ముళ్ళు ఆవిడ వేసింది. పరీక్షకు ఒక్కరోజే మిగిలింది. ఇద్దరమే ఏడూ పెట్టుకుని చూడాలంటే కుదరదు, అందుకని నియమం కాస్త సడలించి అందర్నీ పిలిచాం. నేను, వదినగారు, అన్నయ్యగారు, అమ్మాయి, అల్లుడు, సెలూను పిల్ల, మేనేజరు. ఏడుగురం బెంచీమీదా నేలమీదా కూర్చుని, అన్నదమ్ములకని కట్టిన ఒకే తీరు మీసాలు, చిన్నవీ పెద్దవీ, పెట్టుకుని టీ తాగుతున్నాం. సరిగ్గా అప్పుడు ఎవరో కొత్తావిడ తలుపు తీసింది. మమ్మల్ని చూసింది. ఏడుగురమూ ఒక్కసారే మర్యాదగా, "రండి" అన్నాం. ఆవిడ తలుపు నెమ్మదిగా మూసింది, ఆ వెంటనే పరిగెత్తుతున్న చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. మేనేజరు నవ్వి నవ్వి బెంచీ మీంచి జారిపడ్డాడు. ఏడు మీసాల్లో ఒక్కటీ ఊడలేదు.

లేచి బట్టలు దులుపుకుంటూ, "వచ్చే నాటకంలో ఋషులున్నారమ్మగారూ, తొమ్మిది గడ్డాలు" అన్నాడు. నా వైపు కాదు, వదినగారి వైపు చూసి అన్నాడు. ఆవిడ ఆయన మీసం మీద వేలు నిమిరి, "ఎప్పటికి కావాలి" అంది.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నాకు మీ ముఖాలు తెల్లగా గుండ్రంగా కనిపిస్తాయి, అంతే. వెంట్రుకలు మాత్రం నా వేళ్ళకు ఇంకా చెప్పినమాట వింటాయి. కొట్టు ఆవిడ పేరున ఉంది. రోజుకు పదిసార్లు పోట్లాడుకుంటాం, పదకొండోసారికి టీ వేళవుతుంది.

మీరొక పని చేసి పెట్టాలి. కొట్టుకు వచ్చినవాళ్ళతో ఆవిడ ఒకమాట చెబుతోంది. పని నేర్పమని తనే నా కాళ్ళావేళ్ళా పడిందట, నేను చాలారోజులు బెట్టుచేసి ఒప్పుకున్నానట. నా పరువు నిలబెట్టాలని అలా చెబుతోంది. చిన్నచిన్న సాకులు పక్కనపెడితే, ఇన్నేళ్ళలో ఆవిడ నోట అబద్ధం రావడం నేనెరిగినంతవరకు ఇదొక్కటే, అది కూడా నాకోసం. అందుకని మీరు బాగా గుర్తుపెట్టుకోండి, ఎక్కడ ఈ కథ చెప్పినా నిజమే చెప్పండి. వెళ్ళింది నేను. అడిగింది నేను. ఒప్పుకున్నది ఆవిడ.